అయిదో తరం ఎక్కడికి పోయింది?

క్రిందటేడు ఇంటర్నల్ పరీక్షలో కంప్యూటరు పేపరులో ఒక ప్రశ్న వచ్చింది: ‘కంప్యూటరు తరాలను వివరింపుము.’ మొదటి తరం వాక్యూమ్ ట్యూబులు, రెండో తరం ట్రాన్సిస్టర్లు, మూడో తరం ఐ.సి.లు, నాలుగో తరం మైక్రోప్రాసెసర్లు అని వరుసగా రాసుకుంటూ వచ్చి అయిదో తరం దగ్గర కాసేపు ఆగాను. మా నోట్సులో ఉన్నది ఏమంటే, ‘అయిదో తరం కంప్యూటర్లు జపాను దేశంలో తయారగుచున్నవి. ఇవి మానవునివలె ఆలోచింపగలవు.’ నేను మాత్రం, ‘ఈ పథకం 1982లో మొదలై 1992లో ముగిసింది’ అని రాశాను. ఒక మార్కు పోయింది.

మార్కు పోయినందుకు బాధ లేదంటే అబద్ధమవుతుంది. వెళ్ళి అడిగాను. ఆ సారు మంచివారే. “నోట్సులో ఉన్నది రాయాలి నాయనా. నువ్వు చెప్పింది నిజమే కావచ్చు” అన్నారు. అంటే ముగిసిపోయి ముప్ఫయ్యేళ్ళు దాటిన పథకం మన నోట్సుల్లో ఇంకా ‘తయారగుచున్నది’! ఇంతకీ ఆ అయిదో తరం ఎక్కడికి పోయిందో చూద్దామని లైబ్రరీలోనూ, సెల్‌ఫోనులోనూ వెతుక్కుంటూ పోతే జపాను పెద్ద కంప్యూటర్ల కథంతా దొరికింది. దానితోపాటు నాకొక అభిప్రాయమూ ఏర్పడింది. దాన్ని మిత్రుల ముందు, గురువుల ముందు పెట్టడానికే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జపాను వాళ్ళు ఫలానా పని కావాలి అనుకుని కట్టిన యంత్రాలు నిలిచాయి. ముందు గొప్ప యంత్రం కడదాం, పని తరువాత చూసుకుందాం అనుకున్నప్పుడు వాళ్ళంతటివాళ్ళే తడబడ్డారు. ప్రాసెసర్లు ఎన్ని అన్నది రెండో ప్రశ్న. పని ఏమిటి, దాన్ని ఎలా పంచాలి అన్నదే మొదటి ప్రశ్న. ఈ మొదటి ప్రశ్న వేసుకోవడం మన కాలేజీల్లో ఎవరూ నేర్పడం లేదన్నదే నా ఫిర్యాదు.

ముందుగా ‘సమాంతర’ ప్రాసెసర్లు అంటే ఏమిటో నాకు అర్థమైన తీరులో చెబుతాను. మాది బాపట్ల వైపు పల్లెటూరు. వరి పండిస్తాం. ఎకరం పొలంలో ఒక్క మనిషే నాట్లు వేస్తే పది రోజులు పడుతుందనుకోండి. పదిమంది దిగితే ఒక్క రోజులో అయిపోతుంది. ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, పది ప్రాసెసర్లకు ఒకేసారి ఇవ్వడం ఇలాంటిదే. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇల్లు కట్టేచోట ఇటుకలు కింది నుంచి పై అంతస్తుకు చేతులు మారుతూ పోతాయి. మొదటి ఇటుక పైకి చేరేదాకా కాస్త ఆలస్యం. ఆ తరువాత ఏ చెయ్యీ ఖాళీగా ఉండదు, ఇటుక వెంట ఇటుక వస్తూనే ఉంటుంది. దీన్ని పైప్‌లైను అంటారు. పొడవాటి అంకెల వరుసలను ఈ విధంగా నడిపించే యంత్రానికి వెక్టర్ కంప్యూటరు అని పేరు. జపాను పెద్ద కంప్యూటర్ల చరిత్ర చాలావరకు ఈ రెండు పద్ధతుల చరిత్రే.

అయితే ఒక మెలిక ఉంది. నాట్లు ఒక్క రోజులో అయిపోయినా, నారు మాత్రం పాతిక రోజులు పెరగాలి. వందమంది గట్టు మీద నిలబడినా నారు తొందరపడదు. లెక్క వేసి చూడండి. ఒక్కడే అయితే 25 రోజులు నారుకు, 10 రోజులు నాటుకు, మొత్తం 35. పదిమంది అయితే 25, దానికి ఒకటి కలిపితే 26. మనుషులు పదింతలయ్యారు, కాలం మాత్రం దాదాపు పావు వంతే తగ్గింది! ఇదే సంగతిని 1967లో జీన్ ఆమ్డాల్ అనే అమెరికన్ ఇంజనీరు కంప్యూటర్ల విషయంలో చెప్పాడు. పంచడానికి వీలుకాని భాగం నూటికి అయిదు పాళ్ళు ఉంటే చాలు, ఎన్ని వేల ప్రాసెసర్లు పెట్టినా వేగం ఇరవై రెట్లకు మించదు. దీన్ని ఆమ్డాల్ సూత్రం అంటారు. ఈ ఆమ్డాల్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక జపానుకు వద్దాం. ఆ దేశంలో మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరును తయారుచేసింది కంప్యూటరు కంపెనీ కాదు, ఫోటో ఫిల్ములు చేసే ఫుజీ కంపెనీలో పనిచేసే ఒకాజాకీ బుంజీ అనే ఉద్యోగి. కెమేరా కటకాన్ని డిజైను చేయాలంటే కాంతి కిరణాలు ఏ గాజులో ఎంత వంగుతాయో వేలకొద్దీ లెక్కలు కట్టాలి. మనుషులను వరుసగా కూర్చోబెట్టి లెక్కలు కట్టించేవారు. ఈ బాధ చూడలేక ఒకాజాకీ 1949లో మొదలుపెట్టి, చాలావరకు ఒంటి చేత్తో, సుమారు 1,700 వాక్యూమ్ ట్యూబులతో 1956లో ‘ఫుజిక్’ అనే యంత్రాన్ని పూర్తిచేశాడు. ఏడేళ్ళు! యుద్ధంలో ఓడి బూడిదైన దేశంలో ఒక మనిషి ఏడేళ్ళు ఒక్క పని మీద కూర్చున్నాడంటే ఆ పని ఏమిటో అతనికి స్పష్టంగా తెలుసు కనుకనే అని నా నమ్మకం.

అదే కాలంలో టోక్యో విశ్వవిద్యాలయంలో గోతో ఎయిచీ అనే పరిశోధక విద్యార్థి 1954లో ‘పారామెట్రాన్’ అనే పరికరం కనిపెట్టాడు. ట్రాన్సిస్టర్లు అప్పట్లో ఖరీదు, వాక్యూమ్ ట్యూబులు మాటిమాటికీ కాలిపోతాయి. చవకగా దొరికే ఫెర్రైట్ ముక్కలతో ఆ పని కానిచ్చాడు. ట్రాన్సిస్టర్లు బాగుపడ్డాక పారామెట్రాన్ వెనకబడిపోయిందనుకోండి, అది వేరే సంగతి. మన ఈడు విద్యార్థి తన దగ్గర లేనిదాని గురించి ఏడవకుండా, ఉన్నదానితో యంత్రం కట్టాడన్నది గమనించవలసిన విషయం.

ఇక్కడి నుంచి కథలోకి ప్రభుత్వం వచ్చింది. 1961లో ‘జపాన్ ఎలక్ట్రానిక్ కంప్యూటర్ కంపెనీ’ అని ఒక సంస్థ పెట్టారు. స్వదేశీ కంపెనీలు తయారుచేసిన కంప్యూటర్లను ఈ సంస్థ కొని వాడకందార్లకు అద్దెకిచ్చేది. తయారీదారుడికి డబ్బు వెంటనే చేతికొచ్చేది. పంట చేతికి రాగానే గిట్టుబాటు ధరకు కొనే దిక్కు ఉంటే రైతు ఎంత ధైర్యంగా సాగుచేస్తాడో మాకు తెలుసు. కంప్యూటరు కంపెనీలకూ ఆ ధైర్యమే వచ్చింది. ఫుజిత్సు 1968లో ‘ఫాకామ్ 230-60’ అనే పెద్ద కంప్యూటరును ప్రకటించింది. ఇందులో రెండు ప్రాసెసర్లు ఒకే జ్ఞాపకశక్తిని పంచుకుని పనిచేస్తాయి. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకులూ, విశ్వవిద్యాలయాలూ వాడే గదినిండా పట్టే పెద్ద కంప్యూటరు. అలాంటి దానిలో ఒకటికి రెండు మెదళ్ళు పెట్టడం ఆ దేశంలో సమాంతర మార్గానికి తొలి అడుగుల్లో ఒకటి.

కాని ఎదుట ఉన్నది ఐ.బి.యం. 1964లో వాళ్ళు సిస్టమ్ 360, 1970లో సిస్టమ్ 370 ప్రకటించేసరికి ప్రపంచంలో తక్కిన కంపెనీలన్నీ గడగడలాడాయి. అప్పుడు జపాను ప్రభుత్వం ఆరు కంపెనీలను పిలిచి మూడు జట్లు చేసింది. ఫుజిత్సుతో హిటాచీ, ఎన్.ఇ.సి.తో తోషిబా, మిత్సుబిషితో ఓకీ. ఫుజిత్సులో ఇకెదా తోషియో అనే ఇంజనీరు ఉండేవాడు. ఐ.బి.యం. నుంచి బయటికి వచ్చిన ఆమ్డాల్‌తో (అదే, నారుమడి సూత్రం చెప్పిన ఆమ్డాల్) ఆయన చెయ్యి కలిపించాడు. ఫుజిత్సు ఆమ్డాల్ కంపెనీలో పెట్టుబడి పెట్టింది. ఐ.బి.యం. ప్రోగ్రాములనే నడిపించే ఆమ్డాల్ యంత్రం 1975లో బయటికొచ్చింది, తొలి యంత్రం నాసాకు వెళ్ళింది. అది చూసే అదృష్టం ఇకెదాకు లేకపోయింది. 1974 నవంబరులో విమానాశ్రయంలో కుప్పకూలి కన్నుమూశాడు.

ఈ కథలో నల్లమచ్చ కూడా ఉంది. దాచడం మంచిది కాదు. ఐ.బి.యం. యంత్రాలతో పోలిన యంత్రాలు చేయాలంటే వాళ్ళు రేపు ఏం తెస్తారో ముందే తెలియాలి. 1982 జూన్‌లో ఐ.బి.యం. రహస్య పత్రాలను సంపాదించే ప్రయత్నం చేశారని హిటాచీ, మిత్సుబిషి ఎలక్ట్రిక్ సంస్థల ఉద్యోగులపై అమెరికాలో కేసులు పెట్టారు. మరుసటి ఏడాది హిటాచీ కోర్టులో నేరం ఒప్పుకుంది. పక్కవాడి పేపరు చూసి రాసేవాడికి ఫస్టు క్లాసు రావచ్చు, కాని ప్రశ్నపత్రం తయారుచేసే పని ఎప్పుడూ ఆ పక్కవాడిదే అవుతుంది. పోలిక యంత్రాల దారిలో ఉన్న చిక్కు ఇదే.

ఇందుకు భిన్నమైన దారి ఒకటి అదే కాలంలో నడుస్తూ వచ్చింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. జపాను జాతీయ వైమానిక ప్రయోగశాలలో మియోషీ హజిమే అనే శాస్త్రవేత్త ఉండేవాడు. విమానం రెక్క మీద గాలి ఎలా పారుతుందో తెలుసుకోవాలంటే గాలి సొరంగంలో నమూనా పెట్టి పరీక్షించాలి. దానికి ఖర్చూ ఎక్కువే, కాలమూ ఎక్కువే. ఆ గాలినే అంకెలుగా మార్చి కంప్యూటరులో పారించవచ్చు కదా! పని ఇదీ. ఈ పని కోసమే 1977లో ఫాకామ్ 230-75 మెయిన్‌ఫ్రేముకు పక్కన మరో ప్రత్యేక ప్రాసెసరును తగిలించారు. జపాను తొలి వెక్టర్ ప్రాసెసరు అదే. మెయిన్‌ఫ్రేమ్ ఇంటిపెద్దలాగా వ్యవహారాలు చూసుకుంటుంటే, ఇటుకల వరుసలాంటి లెక్కలన్నీ ఈ రెండోది చూసుకునేది. ఆ తరువాత హిటాచీ, ఎన్.ఇ.సి. కూడా తమ మెయిన్‌ఫ్రేములకు ఇలాంటి అంగాలనే అతికించాయి. 1982, 1983 సంవత్సరాల్లో మూడు కంపెనీలూ విడి సూపర్ కంప్యూటర్లనే ప్రకటించాయి. ఆ విధంగా మెయిన్‌ఫ్రేమ్ కడుపునే సూపర్ కంప్యూటరు పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

మియోషీ అక్కడితో ఆగలేదు. ఒక్క ఇటుకల వరుస చాలదు, నూట నలభై వరుసలు కావాలన్నాడు. 140 వెక్టర్ ప్రాసెసర్లను ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేలా కలిపి ఫుజిత్సు, ఆ ప్రయోగశాల కలిసి 1993లో ‘న్యూమరికల్ విండ్ టన్నెల్’ అనే యంత్రాన్ని నిలబెట్టాయి. అంకెల గాలి సొరంగం అన్నమాట. సెకనుకు సుమారు 12,400 కోట్ల లెక్కలు చేసి, ఆ సంవత్సరం నవంబరు జాబితాలో అది ప్రపంచంలోకెల్లా వేగవంతమైన కంప్యూటరయింది. మొదటి స్థానం కోసం కట్టింది కాదు, రెక్క కోసం కట్టింది. మొదటి స్థానం దానంతటదే వచ్చింది.

తరువాత ఆయన కన్ను భూగోళం మీద పడింది. సముద్రాలు, గాలులు, మేఘాలు అన్నింటినీ ఒక్క యంత్రంలో లెక్కగట్టాలనుకున్నారు. ఎన్.ఇ.సి. తయారుచేసిన 5,120 వెక్టర్ ప్రాసెసర్లతో యోకోహామాలో ‘ఎర్త్ సిమ్యులేటర్’ 2002లో పనిచేయడం మొదలుపెట్టింది. సెకనుకు దాదాపు 36 లక్షల కోట్ల లెక్కలు. అంతవరకు మొదటి స్థానంలో ఉన్న అమెరికా యంత్రం కన్నా సుమారు అయిదు రెట్లు వేగం! రెండేళ్ళకు పైగా దాన్ని ఎవరూ దాటలేకపోయారు. మియోషీ మాత్రం అది పూర్తికావడానికి కొద్ది నెలల ముందే, 2001లో చనిపోయాడు. నారు పోసినవాడు కోతకు ఉండకపోవడం మా ఊళ్ళలో చూశాను. జపానులోనూ అంతే అనుకుంటాను.

ఇప్పుడు మన అయిదో తరానికి వద్దాం. 1982లో టోక్యోలో ‘ఐకాట్’ అనే పరిశోధన సంస్థ పెట్టి ఫుచీ కజుహిరో అనే శాస్త్రవేత్తను దానికి నాయకుణ్ణి చేశారు. ముప్ఫయి అయిదేళ్ళ లోపు వయసు వాళ్ళనే ఇవ్వండి అని ఆయన కంపెనీలను అడిగాడట. పదేళ్ళలో సుమారు 5,400 కోట్ల యెన్లు ఖర్చుపెట్టారు. అంకెలు కూడే యంత్రం కాకుండా, తర్కించే యంత్రం కావాలన్నది ఆశయం. ‘రాముడు సోముడి తండ్రి, సోముడు భీముడి తండ్రి, కనుక రాముడు భీముడి తాత’ అని తేల్చడం వంటి తర్కాన్ని వందలాది ప్రాసెసర్లకు పంచి ఒకేసారి చేయించాలనుకున్నారు. చివరికి వాళ్ళు కట్టిన సమాంతర యంత్రాల్లో ఒకదానిలో 512 ప్రాసెసర్లు ఉండేవి.

దీన్ని చూసి అమెరికా హడలిపోయింది. ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ అనే ఆచార్యుడు పమేలా మెకార్డక్‌తో కలిసి 1983లో ఒక పుస్తకమే రాసి, జపాను మనల్ని మించిపోతోందని తన దేశాన్ని హెచ్చరించాడు. ఇక్కడ తెలుగువాళ్ళం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటి ఉంది. తరువాత 1994లో ఆ ఫైగెన్‌బామ్‌తో కలిసి, కంప్యూటరు శాస్త్రంలో నోబెలంతటిదైన ట్యూరింగ్ బహుమతి అందుకున్నది చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టిన రాజ్‌రెడ్డిగారు. యంత్రాల చేత మనిషి మాట వినిపించే పని మీద ఆయన ఏళ్ళ తరబడి కృషి చేశారు.

మరి అయిదో తరం ఏమైంది? 1992లో పథకం ముగిసేనాటికి యంత్రాలు పనిచేస్తూనే ఉన్నాయి. వేగమూ బాగానే ఉంది. కాని బజారులో దొరికే మామూలు కంప్యూటర్లు ఈలోగా ఎంతో వేగం పుంజుకున్నాయి. ఆ ప్రత్యేక యంత్రాన్ని కొనుక్కుని రేపు పొద్దున్నే ఫలానా పని చేసుకుంటాను అనే మనిషి దొరకలేదు. తయారుచేసిన సాఫ్ట్‌వేరును ప్రపంచానికి ఉచితంగా పంచిపెట్టారు. అంతటితో సరి.

దీన్ని చూసి నవ్వడం నాకు ఇష్టం లేదు. వాళ్ళు రెండు పందేలు కాశారు. ఒకటి, ఆలోచించే యంత్రానికి వందలు, వేల ప్రాసెసర్లు ఒకేసారి పనిచేయాలన్నది. రెండోది, ఆ ఆలోచన తర్కసూత్రాల బాటలోనే వస్తుందన్నది. ఈనాడు మనతో మాట్లాడే, వ్యాసాలు రాసే కృత్రిమ మేధ యంత్రాల వెనక వేలకొద్దీ ప్రాసెసర్లు సమాంతరంగానే పనిచేస్తున్నాయి. కనుక మొదటి పందెం గెలిచింది. రెండోది ఓడింది. ఇప్పటి యంత్రాలు సూత్రాలు వల్లెవేసి కాకుండా, కోట్లాది ఉదాహరణలు చూసి నేర్చుకుంటున్నాయి. పైగా ఆ పదేళ్ళలో ఎందరో యువకులు సమాంతరంగా ఆలోచించడం నేర్చుకున్నారు. యంత్రం మ్యూజియానికి పోయినా మనుషులు మిగిలారు. నష్టం లేదనను గాని, అంతా నష్టమనీ అనలేను.

“ఎందుకయ్యా ఇంత ఖర్చు, మొదటి స్థానమే కావాలా, రెండోది అయితే కూడదా?” అని ఎవరైనా అడగవచ్చు. జపానులో నిజంగానే అడిగారు. 2009 నవంబరులో ప్రభుత్వ ఖర్చులను పరిశీలిస్తూ రెన్హో అనే పార్లమెంటు సభ్యురాలు కొత్త సూపర్ కంప్యూటరు గురించి ఈ ప్రశ్నే వేసింది. దేశమంతా గొడవ జరిగింది. నోబెల్ గ్రహీతలు సైతం నిరసన తెలిపారు. చివరకు డబ్బు ఇచ్చారు. కోబే నగరంలో రైకెన్ సంస్థ, ఫుజిత్సు కలిసి కట్టిన ‘కె’ కంప్యూటరు 2011లో మొదటి స్థానానికి వచ్చింది. జపాను భాషలో ‘కెయ్’ అంటే ఒకటి పక్కన పదహారు సున్నాలు. సెకనుకు అన్ని లెక్కలు చేస్తుందని ఆ పేరు.

మా హాస్టలు మిత్రులు ఏమనుకున్నా సరే, రెన్హో ప్రశ్న మంచి ప్రశ్న అనే నేను అంటాను. ప్రజల డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళను ప్రజల తరఫున ఎవరో ఒకరు నిలదీయాలి. దానికి ‘దేశ గౌరవం’ అన్నది చాలిన జవాబు కాదు. అసలు జవాబు పదేళ్ళ తరువాత వచ్చింది. ‘కె’ స్థానంలో కోబేలోనే కట్టిన ‘ఫుగాకు’ కంప్యూటరును కరోనా మహమ్మారి మూలాన 2020లో పూర్తికాకముందే పనిలోకి దించారు. మనిషి దగ్గితే తుంపర్లు గదిలో ఎంతదూరం పోతాయి, మాస్కు వేస్తే ఎంత ఆగుతాయి, రైలు పెట్టెలో కిటికీ తీస్తే ఏమవుతుంది అని అందులో లెక్కగట్టి బొమ్మలు చూపించారు. 1,58,976 ప్రాసెసర్లు, ఒక్కొక్కదానిలో 48 గణన భాగాలు, అన్నీ కలిసి ఒక దగ్గును లెక్కపెట్టాయి! ఆ సంవత్సరం జూన్‌లో అది ప్రపంచంలో మొదటిదయి, దాదాపు రెండేళ్ళపాటు ఆ స్థానంలోనే ఉంది. ఆ తరువాత 2022లో అమెరికా యంత్రం దాన్ని దాటింది. దాటితే దాటనీయండి. ఆ మాస్కుల లెక్క తప్పవుతుందా?

మరోవంక, వీటన్నింటినీ కన్న మెయిన్‌ఫ్రేమ్ ముసలిదైపోయింది. 2030 ఆర్థిక సంవత్సరంతో మెయిన్‌ఫ్రేముల అమ్మకం ఆపేస్తామని, 2035తో మరమ్మతులు కూడా చాలిస్తామని ఫుజిత్సు 2022లో ప్రకటించింది. ఎంత గొప్ప యంత్రమైనా పని మారితే పక్కకు తప్పుకోవలసిందే.

ఇదంతా జపాను గొడవ, మనకెందుకు అనకండి. మన దేశానికీ ఇలాంటి పాఠమే జరిగింది. 1980లలో వాతావరణ లెక్కల కోసం మనం అమెరికాను క్రే సూపర్ కంప్యూటరు అడిగితే, అడిగినదానికన్నా చిన్నది ఇచ్చారు. ఆ అవమానం నుంచే 1988లో పూణేలో సి-డాక్ సంస్థ పుట్టింది, 1991లో విజయ్ భట్కర్ నాయకత్వాన ‘పరమ్ 8000’ అనే సమాంతర కంప్యూటరు తయారయింది. ఆ కాలంలోనే మన హైదరాబాదులో రక్షణ శాఖవారి ‘అనురాగ్’ ప్రయోగశాల ‘పేస్’ అనే సమాంతర కంప్యూటరును కట్టింది. దాని పని ఏమిటో తెలుసా? విమానం చుట్టూ గాలి పారే లెక్కలు. మియోషీ పనే! పని స్పష్టంగా ఉన్నచోట మనవాళ్ళూ చేసి చూపించారు.

ఇక నా సొంత సంగతి. మా నాయనమ్మ 1977 నవంబరు దివిసీమ ఉప్పెన గురించి ఇప్పటికీ చెబుతుంది. పదివేల మందికి పైగా పోయారు. అంత ముప్పు వస్తోందని తెలిసినవాళ్ళు లేరు, తెలిసినా చెప్పే దారి లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈసారి రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక వచ్చింది. మా ఊళ్ళో ప్రాణాలకు ఏమీ కాలేదు. కాని కోసిన పనలు పొలంలోనే ఉన్నాయి. ఊరంతా ఒకేసారి కూలీల కోసం, కోత మిషన్ల కోసం పరుగెత్తింది. మనుషులు చాలలేదు, మిషన్లు దొరకలేదు. కుప్ప వేయగలిగింది వేశాం. మిగతాది నీళ్ళలో నాని మొలకెత్తింది.

ఆ రాత్రి మా నాన్న అన్నమాట నాకు ఇంకా గుర్తుంది. “మూడు రోజుల ముందు చెప్పారురా అబ్బాయ్, బాగానే ఉంది. ఇంకో నాలుగు రోజులు ముందు చెబితే పంట కూడా దక్కేది.”

ఆ నాలుగు రోజుల ఖరీదు ఎంతో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు. వాతావరణాన్ని లెక్కగట్టేవాళ్ళు దేశపటం మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి లెక్కవేస్తారు. గడి పొడవును సగం చేస్తే గళ్ళు నాలుగింతలవుతాయి. కాలాన్ని కూడా చిన్న ముక్కలు చేయాలి కనుక మొత్తం పని కనీసం ఎనిమిదింతలు. ఒక ప్రాసెసరుతో అయ్యే పని కాదు. పక్క గడిలో గాలి మారితే ఈ గడికి వెంటనే తెలియాలి కనుక ఊరికే పంచినా చాలదు. మా ఊరి గడిలో వాన ఎప్పుడు పడుతుందన్నది సమాంతర ప్రాసెసర్ల లెక్క. నాకు ఈ విషయం మీద ఇంత మమకారం ఎందుకో మిత్రులకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

“అద్దెకు దొరుకుతుంటే నేర్చుకోవడం దేనికి?” అంటాడు నా రూమ్మేటు. నిజమే, ఈరోజు ఎంత పెద్ద కంప్యూటరునైనా గంటకింత అని అద్దెకు తీసుకోవచ్చు. ట్రాక్టరూ అద్దెకు దొరుకుతుంది. ఏ చేను ముందు దున్నాలో, ఏది ఆరాక దున్నాలో ట్రాక్టరు యజమాని చెప్పడు. అది మనకే తెలియాలి. పని పంచే తెలివి అద్దెకు రాదు.

కాబట్టి విద్యార్థి సంఘానికి, అధ్యాపకులకు నా మనవి. మన కంప్యూటరు ల్యాబులో ముప్ఫయి యంత్రాలున్నాయి. ముప్ఫయిమందిమి ముప్ఫయి చోట్ల కూర్చుని, రికార్డు కోసం ఒకే ప్రోగ్రామును ముప్ఫయిసార్లు కొడుతున్నాం. సాయంత్రం అయిదు కాగానే తాళం పడుతుంది. ఆదివారాలు ఆ ల్యాబు తెరిపించండి. వాటిలో ఓ ఎనిమిదింటిని తీగెలతో కలిపి, ఒక్క లెక్కను ఎనిమిది ముక్కలు చేసి నడుపుదాం. దానికి కొత్తగా కొనవలసింది దాదాపు ఏమీ లేదు. లెక్క ఏమిటంటారా? ఒక్కో విద్యార్థి తన మండలం వర్షపాతం వివరాలు ముప్ఫయ్యేళ్ళవి తీసుకురాగలడు. అందులోంచి మొదలుపెడదాం. ఎనిమిది యంత్రాలు పెడితే ఎనిమిది రెట్లు వేగం రాదని మొదటి ఆదివారమే తెలుస్తుంది. ఎందుకు రాలేదో వెతకడమే అసలు చదువు. ఫిజిక్సు వాళ్ళు, లెక్కల వాళ్ళు, ఆర్ట్సు మిత్రులు కూడా రావచ్చు. మీ ఊరి పని మీతో తెచ్చుకోండి, అంతే.

పూర్వ విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, డబ్బు కన్నా ముందు ఒక్క ఆదివారం ఇవ్వండి. మీరు చేస్తున్న ఉద్యోగంలో ఒక పెద్ద పనిని ఎలా ముక్కలు చేస్తారో వచ్చి చెప్పండి.

అయిదో తరం ఎక్కడికి పోయిందని అడిగాను కదా. అది ఎక్కడికీ పోలేదు. దానిలో ఓడినది ఓడింది, నిలిచినది వేరే పేర్లతో వేరే యంత్రాల్లో నడుస్తోంది. మన నోట్సులో మాత్రం ఇంకా ‘తయారగుచున్నది’. ఈ ఏడాదైనా ఆ ఒక్క వాక్యం దిద్దితే, పోయిన మార్కు నాకు తిరిగి రాకపోయినా ఫర్వాలేదు.

— బి.యస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి